ఆలు లేదు చూలు లేదు, మౌంటు పేరు ఎం-31

మా బావ తెల్లవారకముందే ఫోన్ చేశాడంటే కారణాలు రెండే. ఒకటి, ఎవరో పోయారు. రెండోది, ఆయన జీపులో ఏదో తేడా వచ్చింది. ఎదురు అపార్ట్‌మెంటు కూడా కనిపించని గుడ్‌గావ్ పొగమంచులో, ఆ జనవరి చలిలో ఫోన్ మోగితే, బంధువుల్లో ముసలివాళ్లని లెక్కపెట్టుకుంటూ ఎత్తాను.

"ఒరేయ్, కొంప మునిగింది. ఆ గొట్టం మనది కాదట."

"ఏ గొట్టం బావా?"

"అదేరా, జీపు మధ్యలో నిలబెట్టింది. గన్ను బిగించేది. అది అమెరికా వాళ్ల ఎం-31 అట. బర్మా వెళ్లిన మన పటాలం బండిలో అది ఉండకూడదట. నిన్న సాయంత్రం ఆ పాతబళ్ల పండితుడు నలుగురి ముందూ అనేశాడు. తల తీసేసినట్టయింది."

"దాని మీద గన్ను లేదు కదా?"

"లేదు."

"ఇకముందైనా రాదు కదా?"

"ఎలా వస్తుందిరా, పట్టుకెళ్లి లోపలేస్తారు!"

"మరి లేని గన్నుకి ఏ గొట్టమైతే ఏం బావా?"

అవతలి నుంచి ఒక నిట్టూర్పు. హిందోళం ఎత్తుకోగానే ఎదుటివాడు ఆవలిస్తే విద్వాంసుడు విడిచే నిట్టూర్పు. "నీకు చరిత్రంటే గౌరవం లేదురా" అని పెట్టేశాడు.

బావ గురించి రెండు ముక్కలు చెప్పాలి. కాకినాడ నుంచి ఢిల్లీ వచ్చి, ముప్పై రెండేళ్లు సర్కారు కొలువులో ఫైళ్ల మీద 'చూశాను' అని రాసి, రిటైరైనప్పుడు వచ్చిన సొమ్ములో మా అక్కకి తెలిసిన వాటా బ్యాంకులో వేసి, తెలియని వాటాతో 1944 నాటి జీపు కొన్నాడు. విల్లీస్ అని చెప్పి అమ్మారు. ఇంటికొచ్చాక పండితులు నలుగురు వచ్చి, ప్యాంట్లు మట్టవుతున్నా లెక్కచెయ్యకుండా దాని కిందికి దూరి, ఫోర్డ్ అని తేల్చారు. రెండో ప్రపంచయుద్ధంలో ఒకే నమూనా జీపుని విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు రెండూ చేశాయి, కలిపి ఆరు లక్షలకు పైమాటే. ఫోర్డ్ వాళ్లకి తమ బోల్టుల తలల మీద కూడా 'ఎఫ్' అని అక్షరం కొట్టుకునే అలవాటు. రేడియేటర్ దగ్గర అడ్డకమ్మీ గుండ్రటి గొట్టమైతే విల్లీస్, బోర్లించిన తొట్టిలా ఉంటే ఫోర్డ్. బావ జీపుకి అడ్డకమ్మీ ఫోర్డ్‌ది. బోల్టులు కొన్ని 'ఎఫ్' ఉన్నవి, చాలావరకు లూధియానావి. ఇంజను మహీంద్రాది. గేరుబాక్సు ఊసు ఎవరూ ఎత్తరు, చావింట్లో పొలం గొడవ ఎత్తనట్టు.

ఇంత కలగూరగంపలో పండితులకి తప్పుగా కనిపించింది ఒక్క ఆ గొట్టమే.

ఈ పండితుల్ని మీకు సరిగా పరిచయం చెయ్యాలి. చలికాలం ఢిల్లీకి రెండు జాతులు వలస వస్తాయి. ఓఖ్లా మడుగుల్లోకి బాతులు, క్లబ్బుల పచ్చికల మీదికి పాతబళ్ల పండితులు. బాతులు ఎండ ముదరగానే వెళ్లిపోతాయి. పండితుల్లో మళ్లీ కార్లవాళ్లు వేరు. వాళ్లు నికెల్ మెరుపులూ తోలుసీట్లూ చూసుకుని మురిసిపోయే సాధుజీవులు, వాళ్ల జోలికి నేను పోను. యుద్ధపు బళ్లవాళ్లు అలా కాదు. వీళ్లకి కావలసింది బండి కాదు, బండిలో తప్పు. కోడిగుడ్డుకి ఈకలు పీకడం మనకి సామెత, వీళ్లకి ఆదివారం వ్యాపకం. పీకిన ఈకకి నంబరు కూడా ఇస్తారు. జీపు నట్టనడుమ నేలకి బిగించిన స్తంభమైతే ఎం-31. డాష్‌బోర్డు పక్కన తగిలించే బ్రాకెట్టైతే ఎం-48. లారీ క్యాబిన్ నెత్తిన గాజులా గుండ్రంగా ఉండే కమ్మీ అయితే ఎం-49, దాన్ని లారీకి పట్టి ఉంచే ఊచలకి మళ్లీ ఇంకో నంబరు. గన్ను అడుగున మేకులాంటి ఇరుసు ఒకటుంటుంది, దాన్ని పింటిల్ అంటారు. తిరగలి కింది రాయికి నడుమ మేకు ఉంటుందే, అదీ ఇదీ ఒకే తెలివి. కాకపోతే అక్కడ మేకు కింద, బెజ్జం పైన. ఇక్కడ మేకు గన్నుకి, బెజ్జం స్తంభానికి. మా అమ్మమ్మ అరవయ్యేళ్లు పింటిల్ తిప్పిందనీ, తిప్పుతూ పాట కూడా పాడిందనీ నేనొకసారి క్లబ్బులో అంటే, ఒక పెద్దమనిషి నన్ను పైనుంచి కిందిదాకా చూసి, ఆ తిరగలి ఏ సంవత్సరానిదని అడిగాడు.

అయినా పాపం వాళ్లనని ఏం లాభం? ఢిల్లీ చుట్టుపక్కల ఒక సైనికబండిని పూర్వం ఉన్నదున్నట్టు నిలబెట్టాలని నోము పట్టినవాడికి చట్టం మిగిల్చింది ఆ గొట్టమొక్కటే.

రంగు సంగతి చూడండి. మోటారు వాహనాల నిబంధనల్లో 121వది ఏమంటుందంటే, రక్షణశాఖ బండికి తప్ప ఇంకే బండికీ ఆలివ్ గ్రీన్ రంగు వెయ్యకూడదు. అంటే 1944లో ఆ రంగులోనే పుట్టిన బండి ఇప్పుడు అదే రంగులో రోడ్డెక్కితే నేరం. పుట్టుమచ్చతో తిరిగితే చలానా అన్నమాట. బావ చట్టానికి భయపడే మనిషి కనుక ఇసుకరంగు వేయించాడు. పండితుడు వచ్చి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "బర్మాలో ఎడారి ఎక్కడుందండీ?" అని అడిగి వెళ్లిపోయాడు. బావ రెండ్రోజులు అన్నం సరిగా తినలేదు.

వయసు సంగతి మరీ రుచికరం. ఇక్కడ డీజిల్ బండికి పదేళ్లు, పెట్రోలు బండికి పదిహేనేళ్లు నిండితే ఆయువు తీరినట్టేనని హరిత ట్రైబ్యునల్ అంటే, 2018లో సుప్రీంకోర్టు అవునంది. 2025 జూలై 1 నుంచి అలాంటి బళ్లకి బంకుల్లో చమురు పొయ్యొద్దని కట్టడి చేసి, వారం తిరిగేసరికి వాయిదా వేసుకున్నారు. ఇంకోపక్క 2021లో కేంద్రమే వింటేజ్ బళ్ల నిబంధనలు తెచ్చింది. యాభయ్యేళ్లు దాటిన సొంత వాడకం బండిని 20,000 రూపాయలు కట్టి రిజిస్టర్ చేయించుకుంటే 'వీఏ' అక్షరాలున్న నంబరిస్తారు. బాగానే ఉంది. పదిహేను దాటితే చెత్త, యాభై దాటితే చరిత్ర. నడిమధ్య ముప్పై అయిదేళ్లు ఆ బండిని ఏ అటక మీద దాచాలో మాత్రం ఎక్కడా రాయలేదు.

ఆ నిబంధనల్లోనే ఇంకో మెలిక ఉంది. ఛాసిస్‌నీ బాడీనీ ఇంజన్నీ మార్చి ఉండకూడదు. అంటే మౌంటు కోసం నేలరేకుకి నాలుగు బెజ్జాలు కొట్టారనుకోండి, ఆ బెజ్జాలు 1944లో కొట్టినవైతే వారసత్వం, మొన్న మంగళవారం కొట్టినవైతే అపచారం. బెజ్జానికి పుట్టినతేదీ ధ్రువపత్రం ఎక్కడ తెచ్చుకోవాలో బావ ఇప్పటికీ కనుక్కుంటున్నాడు. పైగా వింటేజ్ బండిని రోజువారీ పనులకి తిప్పకూడదు. ప్రదర్శన, ర్యాలీ, సాంకేతిక పరిశోధన, చమురు పోయించడం, మరమ్మతు, వీటికే బయటికి తియ్యాలి. ముప్పై రెండేళ్లు ఫైళ్లు నడిపినవాడికి ఇదొక అడ్డా? పాలప్యాకెట్ల కోసం వెళ్లినప్పుడల్లా బావ ఒక పుస్తకంలో 'సాంకేతిక పరిశోధన' అని రాసుకుంటాడు. పెరుగు కూడా తేవాల్సి వస్తే 'విస్తృత' అని ముందు చేరుస్తాడు.

ఇక గన్ను. 1959 ఆయుధాల చట్టం ఉండగా మామూలు మనిషి ఇంట్లో మెషీన్‌గన్ను అనేది కలలో కూడా పనికిరాదు. మంచిదే. కానీ ఇదే నేలమీద పెళ్లి ఊరేగింపుల్లో నిజం తుపాకులు ఆకాశంలోకి పేల్చి, మేడ మీద నిలబడి చూస్తున్నవాళ్లని పొట్టన పెట్టుకునే సరదా ఒకటుంది. అది ఎంతదాకా వచ్చిందంటే 2019లో చట్టం సవరించి, సరదా కాల్పులకి రెండేళ్ల దాకా జైలో, లక్ష రూపాయల దాకా జరిమానానో, రెండూనో అని ప్రత్యేకంగా రాసుకోవాల్సొచ్చింది. బండిలో ఉన్న ఉత్త గొట్టాన్ని చూసి మాత్రం చెక్‌పోస్టు దగ్గర మమ్మల్ని నలభై నిమిషాలు నిలబెట్టారు. అక్కడి కుర్రాడు టార్చి పెట్టి గొట్టం లోపల చూశాడు. వంగి వాసన చూశాడు. చివరికి, "గన్ను ఎక్కడ పారేశారు?" అన్నాడు. లేదు బాబూ అన్నాం. "గన్ను లేనివాడికి స్టాండెందుకు?" అన్నాడు. ఆ ఏడాది మొత్తంలో చరిత్ర గురించి నేను విన్న తెలివైన ప్రశ్న అదే.

నేతిబీరకాయలో నెయ్యి లేదని అందరికీ తెలుసు. లేని నెయ్యి ఆవుదా గేదెదా అని తగువు పడేవాళ్లని ఢిల్లీలోనే చూశాను.

సరే, ఆ గొట్టం మార్పించడానికి ఫోనొచ్చిన ఆదివారమే మాయాపురి వెళ్లాం. పడమటి ఢిల్లీలో పాతబళ్ల మరుభూమి అది. ఒక వీధంతా యాక్సిళ్లు, ఒక వీధంతా స్టీరింగులు, ఇంకో వీధిలో రేడియేటర్లు రొట్టెల్లా దొంతులు. నేలమీద ఆయిల్ ఇంకి ఇంకి మట్టి బొగ్గులా అయిపోయింది. బావ తొడుక్కెళ్లిన తెల్ల చెప్పులు అరగంటలో ఏ రంగుకి తిరిగాయో చెప్పడానికి 121వ నిబంధన అడ్డొస్తుంది. మా వెల్డింగ్ మేస్త్రీ ఒక లారీ తొట్టి నీడలో కూర్చుని టీ తాగుతున్నాడు. అరవై దాటిన మనిషి. కుడిచేతి మీద నిప్పురవ్వలు పడ్డ మచ్చలు పోపుగింజలు చల్లినట్టుంటాయి. బావ ఫోనులో పండితుడు పంపిన బొమ్మలు చూపించాడు. పై నుంచి, పక్క నుంచి, కింద నుంచి, కోసి చూపించినట్టు. మేస్త్రీ కళ్లద్దాలు నుదుటి మీద నుంచి దించి, ఒక నిమిషం చూసి, ఫోను వెనక్కిచ్చేశాడు.

"సాబ్, దీని మీద పెట్టేది ఎంత బరువు?"

బావ నావైపు చూశాడు. నేను బావవైపు చూశాను.

"పేలిస్తే ఏ వైపుకి తంతుంది? బండి నడుస్తుండగా పేలుస్తారా, ఆపి పేలుస్తారా? పేల్చేవాడు నిలబడతాడా, కూర్చుంటాడా?"

మూడు నెలలుగా ఈ గొట్టం మీద వాదులాడుతున్న పండితుల్లో ఒక్కడంటే ఒక్కడు అడగని ప్రశ్నలు ఇవి. అంగుళాలు అడిగారు, మరల చుట్లు అడిగారు, రంగు కింద రంగు అడిగారు. పేల్చేవాడు ఎక్కడుంటాడని అడిగింది బడిముఖం చూసిందీ లేనిదీ తెలియని ఈ మనిషి. ఏమీ పెట్టం, ఏమీ పేల్చం, ఊరికే చూడ్డానికి అని చెప్పేసరికి మేస్త్రీ ముఖంలో ఉత్సాహం దిగిపోయింది. పెళ్లికని పిలిచి బొమ్మలపెళ్లి అన్నట్టుంది. అయినా చెయ్యి ఆగదు కదా. బోరుబావి పైపు ముక్క ఒకటి ఏరి, గ్యాస్‌తో కోసి, అడుగున అరచెయ్యి మందం పలక అతికించి, పలకకీ గొట్టానికీ మధ్య నాలుగువైపులా ముక్కోణపు రెక్కలు వేశాడు. బొమ్మలో రెక్కలు అలా లేవు మహాప్రభో అని బావ మొత్తుకున్నాడు. "బొమ్మ కాగితం మీద ఉంటుంది సాబ్, ఇది బండి మీద ఉంటుంది" అని మేస్త్రీ ముఖానికి అద్దం అడ్డం పెట్టుకున్నాడు. నీలం వెలుగు, చిటపటలు, కాలిన ఇనుము వాసన. అయ్యాక సుత్తితో పైపెంకు రాల్చి, రెండు చేతులతో గొట్టం పట్టుకుని, కాలు జీపు గోడకి తన్నిపట్టి గుంజాడు. జీపు కదిలింది గానీ గొట్టం కదల్లేదు. అప్పుడు నవ్వాడు.

పండితుడు వచ్చి చూసి ఒకే మాటన్నాడు. "చరిత్రకి విరుద్ధం."

ఇక్కడ నాకు ఓపిక చచ్చింది. చరిత్రంటే ఏదో బ్రహ్మరాత అన్నట్టు మాట్లాడతారు కనుక, ఆ చరిత్రే ఒకసారి విప్పి చూద్దాం. 1940లో కైరోలో రాల్ఫ్ బాగ్నాల్డ్ అనే బ్రిటిష్ అధికారి ఎడారి లోపలికి చొచ్చుకుపోయే గస్తీ దళం ఒకటి కట్టాడు. సైన్యం దగ్గర తగిన లారీల్లేవు. షెవర్లే లారీలు అమ్మే దుకాణానికి పోయి దొరికినన్ని తీసుకున్నాడు. చాలనివి ఈజిప్టు సైన్యాన్ని అడిగి పుచ్చుకున్నాడు. వర్క్‌షాపులో తలుపులు పీకారు, టాపులు పీకారు, ముందద్దాలు పీకారు. మొదటి యుద్ధం నాటి లూయిస్ గన్నులు తెచ్చి, ఎక్కడ వీలైతే అక్కడ నిలబెట్టారు. ఆ తరవాత అదే దారిలో మన భారతీయ సైనికుల లాంగ్ రేంజ్ స్క్వాడ్రన్ కూడా ఎడారి గాలించింది. 1942 జూలై 26 రాత్రి ఉత్తరాఫ్రికాలో సిది హనీష్ విమానాల మైదానం మీద పద్ధెనిమిది జీపులు పడి, నిలిపి ఉన్న విమానాల్ని పేల్చేశాయి. వాటి మీద జంటలుగా బిగించిన వికర్స్ గన్నులు అసలు బళ్ల కోసం చేసినవే కావు, విమానాల్లో వాడేవి. విమానాల్లో వాటికి కాలం చెల్లి మూలపడుంటే, ఎవడో ఫిట్టరు నడుం బిగించి, ఉన్న ఇనుముతో వాటిని జీపుకి అతికించాడు. అంటే ఏమిటి? కైరోలో కూర్చున్న ఒక మాయాపురి మేస్త్రీ. అతని దగ్గర బొమ్మ లేదు, కొలత లేదు, పండితుడు అసలే లేడు. బరువెంత, తన్నేదెటు, పేల్చేవాడెక్కడ అని అడిగి ఉంటాడు. ఆ ఫిట్టరు చేసినట్టే చెయ్యడం చరిత్రకి న్యాయమా, అతను అతికించినదాన్ని ఎనభయ్యేళ్ల తరవాత స్కేలుపెట్టి కొలిచి, రెక్క ఎక్కువైందని ఏడవడం న్యాయమా?

సర్కార్లే ఈ విషయంలో పెద్ద శుద్ధులేం పాటించలేదు. సోవియట్ వాళ్ల కత్యూషా రాకెట్లు 1941లో జిస్-6 లారీల మీద మొదలై, యుద్ధం ముదిరేకొద్దీ అమెరికా నుంచి సాయంగా వచ్చిన స్టూడిబేకర్ లారీల మీదికి ఎక్కాయి. గెలిచాక వీధి కూడళ్లలో స్మారకాలు కట్టాలి గదా, పరాయి లారీని దిమ్మె ఎక్కిస్తే పరువు తక్కువ. చాలాచోట్ల యుద్ధం అయ్యాక పుట్టిన జిల్-157 లాంటి సొంత లారీల మీద ఆ రాకెట్ పట్టాలు బిగించి నిలబెట్టేశారు. ఆ లారీ చెయ్యని యుద్ధానికి ఏళ్ల తరబడి పూలదండలు వేయించుకుంటోంది. మా పండితుడికి ఇది చెబితే గుండె పట్టుకున్నాడు. నాకైతే నచ్చింది. మనూళ్లో యుద్ధం చెయ్యనివాళ్లకి దండలు పడటం లేదా?

అసలు సైన్యమే అబద్ధం ఆడిన ఉదంతం ఒకటుంది, అది వీళ్లకి నిద్రపట్టనివ్వదు. జీపుల మీద బిగించే 106 మిల్లీమీటర్ల రీకాయిల్‌లెస్ గన్ను ఉందే, మన పటాలాల్లో ఆర్‌సీఎల్ అంటారు, దాని గొట్టం నిజంగా 106 కాదు, 105. అంతకుముందు అమెరికా వాళ్లు 105 అని ఒకటి చేసి భంగపడ్డారు. దాని గుండ్లు తెచ్చి దీనిలో కూరుతారని భయపడి, పేరులో ఒక మిల్లీమీటరు కలిపారు. అంతే. నట్టుకీ వాషరుకీ మధ్య వెంట్రుకవాసి సందు చూసి కళ్లెర్రజేసే మహానుభావులందరూ దాన్ని నోరారా నూటారు అనే అంటారు.

ఫిబ్రవరిలో ర్యాలీకి వెళ్లాం. రంగులు, టోపీలు, ఫొటోలు. స్టేట్స్‌మన్ పత్రిక ర్యాలీలో ఏళ్లుగా జనం చూస్తున్న పాత ముద్దుబిడ్డ ఒకటుంది, 1914 నాటి జాన్ మారిస్ ఫైరింజను. మాంచెస్టర్ వైపు తయారై నిజాం స్టేట్ రైల్వేకి వచ్చి, ఇప్పుడు ఢిల్లీ రైలు మ్యూజియంలో ఉంటోంది. దాని ఫొటో ఎక్కడ కనిపించినా మా బావ, "మన బండిరా!" అని ఛాతీ విరుస్తాడు. కాకినాడ వాడు నిజాం బండిని మనదనడం ఢిల్లీలోనే సాధ్యం. ఇక్కడ ఆంధ్రా భవన్ గదుల పంపకానికే పదేళ్లు పట్టింది, ఫైరింజను జోలికి ఇంకా ఎవరూ రాలేదు.

ఆ రోజు మా పక్కన నిలిచిన జీపు మీద ఆర్‌సీఎల్ గన్ను నమూనా ఉంది. ఉత్త రేకుగొట్టమే గానీ చూపుకి నిండుగా ఉంది. ముందద్దం నడుమ చీలిక పెట్టి, గొట్టం అందులోంచి ముందుకు చాచి ఉంది. అద్దాన్ని అలా చీల్చడం కొన్ని జీపుల్లో నిజంగా ఉండేది. ఆ బండివాడు ఆ సంగతి ఎరుగున్నవాడే. పండితుడు అక్కడ కూడా మోకాళ్ల మీద కూర్చుని పట్టీ బిగించిన బోల్టు చూసి, "ఇది మెట్రిక్ మర" అని ప్రకటించాడు. చుట్టూ నలుగురు అయ్యో అన్నారు.

సరిగ్గా అదే సమయంలో ఆ గొట్టం వెనక ఒక క్యూ కట్టింది. సెల్ఫీల క్యూ. వెనక మూతికి చెంప ఆనించి ఒక కొత్త జంట, ఆ తరవాత ముగ్గురు కాలేజీ పిల్లలు, ఆ తరవాత చంటిబిడ్డనెత్తుకున్న తాతగారు. ఇక్కడ ఒక మాట తెలియాలి. మామూలు ఫిరంగి పేలినప్పుడు వెనక్కి తంతుంది. ఇది తన్నదు. ఎందుకంటే ఆ తన్నే బలమంతా వెనక మూతిలోంచి నిప్పుగాలిగా బయటికి చిమ్ముతుంది. అందుకే ఇంత పెద్ద గన్నుని అంత చిన్న జీపు మొయ్యగలిగింది. ఆ గన్ను వెనక నిలబడినవాడు దగ్గరుంటే మిగలడు, దూరంగా ఉన్నా దుమ్ములేచి శత్రువుకి జాడ తెలిసిపోతుంది. కనుక ఒక దెబ్బ కొట్టి వెంటనే చోటు మార్చాలి. మౌంటు, జీపు, డ్రైవరు కాలు, గురిచూసేవాడి కన్ను, అన్నీ కలిసి ఒకే ఊపిరిలో చెయ్యాల్సిన పని అది. 1965 సెప్టెంబరులో ఖేమ్‌కరణ్ దగ్గర చీమా ఊరి చెరుకుతోటల మాటునుంచి 4 గ్రెనేడియర్స్ హవిల్దారు అబ్దుల్ హమీద్ చేసింది అదే. ఒక ప్యాటన్ ట్యాంకుని కొట్టడం, చోటు మారడం, ఇంకోదాన్ని కొట్టడం. సెప్టెంబరు 10న, తనూ ఒక ట్యాంకూ ఒకరినొకరు చూసుకున్నాక ఇక చోటు మారే వ్యవధి దొరకలేదు. చనిపోయాక పరమవీరచక్ర ఇచ్చారు. ట్యాంకు అంటే నలభై టన్నులకు పైబడిన ఉక్కు. అతని చుట్టూ ఉన్నది జీపు. జీపు చుట్టూ ఉన్నది చెరుకు.

తాతగారు బిడ్డని సరిగ్గా ఆ వెనక మూతి ముందు కూర్చోబెట్టి ఫొటో తీయించుకుంటున్నాడు. పండితుడు అటు చూడనైనా చూడలేదు. బోల్టు విప్పి, దాని వెనక అక్షరం ఏదైనా ఉందా అని ఎండకి ఎత్తి పట్టుకున్నాడు.

బావకి ఆ ఏడాది ఏ బహుమతీ రాలేదు. తీర్పు కాగితంలో 'మౌంటు: కల్పితం' అని ఉంది. దాన్ని ఆయన పదిరోజులు పర్సులో పెట్టుకు తిరిగాడు. గొట్టం పీకించేద్దామన్నాడు, ఇంగ్లండు నుంచి అసలు ఎం-31 తెప్పిద్దామన్నాడు, మళ్లీ బర్మా జీపుకి అది కూడా తప్పేనని గుర్తొచ్చి దిగులుపడ్డాడు. ఈలోగా మా మేనకోడలి పెళ్లి కుదిరింది, కుర్రాడు పంజాబీ. వాళ్లకి ఊరేగింపు లేకపోతే పెళ్లే కాదు, ఊరేగింపులో డప్పుతో పాటు డీజే లేకపోతే ఊరేగింపే కాదు. పిలిచిన డీజే బండి మానేసర్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. పెళ్లికొడుకు గుర్రం మీద, గుర్రానికి చెమటలు, ఆడపెళ్లివారికి అంతకంటే చెమటలు. డీజే కుర్రాడు మాత్రం స్పీకర్లు ఆటోలో వేసుకుని ముందొచ్చేశాడు. వచ్చినవాడు అటూఇటూ చూసి, బావ జీపు నడుమ నిలబడ్డ గొట్టాన్ని చూశాడు. స్పీకరు కాడ తీసి గొట్టం తలలో దింపాడు. కొలిచి చేసినట్టు దిగింది.

స్పీకరు గుండ్రంగా తిరిగింది. పైకి వంచితే పైకి, కిందికి వంచితే కిందికి. ఎదురుగా వస్తున్నవాళ్ల మీదికి ఎక్కుపెట్టొచ్చు, వెనక మిగిలిన ముసలివాళ్ల మీదికి తిప్పొచ్చు. జీపు గతుకుల్లో పడి ఎగిరినా పాట ఒక్కసారి కూడా తడబడలేదు. మా అక్క, అది ఇంటికొచ్చాక మొదటిసారిగా, ఆ జీపువైపు ప్రేమగా చూసింది. ఆ రాత్రి ప్రయాణాన్ని బావ పుస్తకంలో 'ప్రదర్శన' కింద రాసుకున్నాడు.

మేస్త్రీని కూడా పిలిచాం. తెల్ల కుర్తా ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు. పెళ్లికూతుర్ని చూడలేదు, పెళ్లికొడుకుని చూడలేదు, తిన్నగా జీపు దగ్గరికెళ్లి లోపలికి ఎక్కాడు. పాట చెవులు పగలగొడుతుండగా గొట్టాన్ని రెండు చేతులా పట్టుకుని, కాలు గోడకి తన్నిపట్టి, ఒక్క గుంజు గుంజాడు.

"హిలా తక్ నహీ" అన్నాడు, భోజనాల వైపు నడుస్తూ.